ఏడో నంబరు గులాబీ

మా అత్తగారు ముప్ఫై మూడేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యింది ఆసుపత్రి నుంచే, ఉద్యోగం నుంచి కాదు. మర్నాటి నుంచే మా ఇంటి ముందు పూలకుండీలు ఆవిడకి వార్డు అయిపోయాయి. వాకిలి నుంచి గేటు దాకా ఇటు ఆరు, అటు ఆరు, మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. ఒక్కో కుండీ మీద తెల్లరంగుతో నంబరు. ఒకటో నంబరు మందారం, రెండూ మూడూ చామంతులు, నాలుగు నందివర్ధనం, అలా పన్నెండో నంబరు సన్నజాజి వరకూ. ఇంకొక్క కుండీ పెడదామని మా ఆయన ఒకసారి అంటే, పన్నెండు మంచాలకి ఒక నర్సు, అంతకి మించితే ఎవరికీ న్యాయం జరగదని కొట్టిపారేశారు.

పొద్దున్న ఆరింటికల్లా చేతులు కడుక్కుని, జుట్టు బిగించి ముడేసుకుని రౌండ్స్‌కి బయలుదేరేవారు. పువ్వు పూసిందని ఎప్పుడూ అనేవారు కాదు. "రెండో నంబరు కోలుకుంది" అనేవారు. పేనుబంక పురుగు పట్టిన మొక్కని గోడవారగా విడిగా పెట్టించి, దాన్ని ముట్టుకున్న చేత్తో ఇంకోదాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకసారి నా దగ్గరికి కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ, తొమ్మిదో నంబరు ఇవాళ గడిచేలా లేదని అత్తయ్య కిటికీలోంచి నాకు చెప్పడం విని, కంగారుపడి కొలతలివ్వకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చింది. తొమ్మిదో నంబరు బంతి మొక్క. ఆ పళ్ళు మేమే తిన్నాం.

నేను దర్జీని. ముందుగదిలో కిటికీ పక్కన నా మిషన్. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్ళలో నేను తలెత్తినప్పుడల్లా కనిపించింది కుండీల మీదకి వంగిన అత్తయ్య వీపే. నాకు మొక్కలంటే పెద్ద ఇష్టం ఉండేది కాదు. బట్ట మీద అచ్చువేసిన పువ్వుకి నీళ్ళక్కర్లేదు, పురుగు పట్టదు, ఉతికితే ఇంకో రెండేళ్ళు వస్తుంది. ఆ మాటే ఒకసారి అన్నాను. అలాంటి పువ్వు చచ్చిందో బతికిందో కూడా తెలియదు కదమ్మా, అన్నారావిడ. ఆ మాట మనసులో పెట్టుకున్నాను. మా అత్తాకోడళ్ళది ఉప్పూ నిప్పూ కాపురం. ఒకసారి నా బట్ట కత్తెరతో గులాబీ కొమ్మ కోశారు. బట్ట కత్తెరతో కాగితం కోస్తేనే దర్జీలకి ప్రాణం పోతుంది, కొమ్మ కోస్తే ఇంక చెప్పాలా. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. అయిదో రోజు సానపట్టించిన కత్తెర నా మిషన్ మీద పెట్టి వెళ్ళిపోయారు. క్షమాపణ ఆవిడ నోటి నుంచి ఏనాడూ రాలేదు, మెచ్చుకోలు అసలే రాలేదు.

అయినా నన్ను వదల్లేదు. కొమ్మ ఎలా కొయ్యాలో నేర్పించారు. బయటి వైపు చూసే కన్ను, అంటే చిగురు పుట్టే చోటు, ఎక్కడుందో చూసుకుని, దానికి కొంచెం పైన ఏటవాలుగా కొయ్యాలి. ఏటవాలు కోత నాకు చెప్పాలా, బట్టలో రోజూ కోసేదే. నేను కోసిన చోట పది రోజులకి ఎర్రటి మొలక తొంగిచూసింది. దాన్ని చూడ్డానికి ఆ రోజు దారం తెగిందని ఒకసారి, సూది విరిగిందని ఒకసారి బయటికి వెళ్ళాను. దారం తెగలేదు, సూదీ విరగలేదు. పొద్దున్నే తడిసిన మట్టి వాసన, మొగ్గ విచ్చుకోబోయే ముందు రేకుల అంచు ఒక్కటి వదులవ్వడం, ఎవరూ చూడకుండా ఇవన్నీ నేనూ చూసేదాన్ని. ఆవిడకి తెలుసనుకుంటాను.

నీళ్ళ విషయంలో మాత్రం ఆవిడ చాలా గట్టి. మొక్కని అడక్కుండా నీళ్ళు పొయ్యకూడదు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టాలి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టి వచ్చెయ్యాలి. "నీళ్ళు పొయ్యడం అందరికీ వచ్చు. ఆగడమే ఎవరికీ రాదు" అనేవారు.

ఏడో నంబరు గురించి విడిగా చెప్పాలి. అది గులాబీ. రిటైరైన రోజున ఆవిడ ఆసుపత్రి నుంచి ఏమీ తెచ్చుకోలేదు, వార్డు కిటికీ కింద పెరిగే గులాబీ నుంచి ఒక్క కొమ్మ కోసుకుని తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. తర్వాత ఆ పాత కట్టడం పడగొట్టేశారు. పువ్వు రంగు చూస్తే ఏమంత గొప్పగా ఉండదు, వందసార్లు ఉతికిన గులాబీరంగు పరికిణీలా వెలిసిపోయి ఉంటుంది. వాసన మాత్రం గేటు తియ్యకముందే పలకరిస్తుంది. ఒక వానాకాలం మా ఆయన సైకిలు దాని మీద పడి పెద్దకొమ్మ చీలిపోయింది. తీసిపారెయ్యమన్నాం. ఆవిడ రెండు సన్నపుల్లలు దన్నుపెట్టి, బ్యాండేజీ గుడ్డతో కట్టుకట్టి, నలభై రోజులు విప్పలేదు. కొమ్మ అతుక్కుంది. అతికిన చోట బొటనవేలంత బుడిపె మిగిలింది. ఆ తర్వాత రోజూ రౌండ్స్‌లో ఏడో నంబరు దగ్గరికి రాగానే ఆవిడ బొటనవేలు ఆ బుడిపె మీదకి వెళ్ళేది. నాడి చూసినట్టు కాసేపు అక్కడే ఉంచి, తర్వాత ఎనిమిదో నంబరుకి వెళ్ళేవారు.

రెండేళ్ళ కిందట మతిమరుపు మొదలైంది. అందరిళ్ళలోలా కళ్ళజోడుతోనో తాళాలతోనో మొదలవ్వలేదు, నీళ్ళతో మొదలైంది. ఆరింటికి పోసేవారు. ఏడింటికి మళ్ళీ చెంబు తీసేవారు. "ఇందాకే పోశారు కదత్తయ్యా" అంటే, నాకు నేర్పుతున్నావా అన్నట్టు చూసేవారు. తొమ్మిదింటికి మళ్ళీ. వేలు పెట్టి చూసే అలవాటు ముందు పోయింది. ఆ సూత్రం నా దగ్గర మిగిలింది, ఆవిడ దగ్గర చెంబు మిగిలింది.

ఇందులో ఒక చిక్కుంది. మొక్కలమ్మే ఆయన చెప్పేదాకా నాకూ తెలియదు. నీళ్ళు చాలకపోయినా మొక్క తల వాల్చేస్తుంది, నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళినా అలాగే తల వాల్చేస్తుంది. పైకి రెండూ ఒకటే. వాలిన ఆకు చూస్తే అత్తయ్య ప్రాణం ఆగేది కాదు. దాహం వేస్తోందని ఇంకో చెంబు పోసేవారు. ఆవిడ పోసినకొద్దీ అది వాలేది, అది వాలినకొద్దీ ఆవిడ పోసేవారు. నేను మిషన్ మీద కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. ఎంతని అరుస్తాను?

డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇది తగ్గే జబ్బు కాదు, నెమ్మదిగా పెరిగేదే. ఆవిడకి అలవాటైన పని మాత్రం ఆపకండి, అదే ఆవిడని పట్టి ఉంచుతుంది అన్నాడు. మందుచీటీ కంటే ఆ మాట మా ఇద్దరికీ బాగా గుర్తుండిపోయింది.

ముందు పోయింది మూడో నంబరు చామంతి. ఆవిడ దాని మీద తెల్లగుడ్డ కప్పారు. కప్పి, చేతులు కడుక్కుని గేటు దగ్గర నిలబడ్డారు. ఎందుకని అడిగితే, వీళ్ళవాళ్ళు ఇంకా రాలేదు, కబురు పెట్టారో లేదో అన్నారు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆవిడ మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం, స్కూలు బస్సు నడిపే మా ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చేదాకా గేటు చువ్వలు పట్టుకుని అలాగే ఉన్నారు. ఆయన చూసి, "వాళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోయారమ్మా" అన్నారు. అప్పుడు లోపలికి వచ్చారు. మర్నాడు పొద్దున్న నన్ను చూసి, "సిస్టర్, ఇవాళ డ్యూటీ ఎన్నింటికి?" అని అడిగారు. ఆ రోజు వరకూ నన్ను అమ్మాయ్ అనేవారు. మళ్ళీ అనలేదు.

ఒక్కోరోజు సిస్టర్‌ని, ఒక్కోరోజు కొత్తగా చేరిన అమ్మాయిని. కొత్తమ్మాయినైన రోజుల్లో తిట్లు ఎక్కువ. ఇరవై రెండేళ్ళుగా నేను ఆ ఇంట్లో కొత్తమ్మాయినే కాబట్టి పెద్ద తేడా తెలియలేదని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు. పదో నంబరు పోయాక ఆయనకీ వంతు వచ్చింది. పొద్దున్న ఆయన గదిలోంచి బయటికి రాగానే అత్తయ్య కుర్చీలోంచి లేచి నిలబడి, గుడ్ మార్నింగ్ డాక్టర్ అన్నారు. ఆయన బస్సు తాళాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అమ్మ నన్ను చూసి లేచి నిలబడుతోందే" అన్నారు ఆ సాయంత్రం నాతో. 

ఒక మొక్క పోతే ఆవిడ జ్ఞాపకంలోంచి ఒక మనిషి పోతున్నాడని నా మనసులో గట్టిగా నాటుకుపోయింది. అలాంటిదేమీ ఉండదని డాక్టరు అన్నాడు. చదువుకున్నవాడు, ఆయన మాటే నిజమై ఉంటుంది. కానీ మూడు పోయినప్పుడు నన్ను మర్చిపోయారు, పది పోయినప్పుడు కొడుకుని. ఇంక ఆవిడకి తెలిసిన ప్రాణి అంటూ ఉంటే ఏడో నంబరే. పొద్దున్న ఆ బుడిపె మీద బొటనవేలు పెట్టినప్పుడు ఆవిడ మొహంలో పాత మనిషి ఒక్క నిమిషం కనిపించేది. అది కూడా పోతే లోపల ఎవరు మిగులుతారు? ఆ భయంతో నేను ఏడో నంబరుని బతికించి తీరాలనుకున్నాను.

చెంబు దాచాను. గ్లాసుతో పోశారు. గ్లాసులు పైఅరలో పెట్టాను. దోసిళ్ళతో పోశారు. మెయిన్ దగ్గర కుళాయి కట్టేశాను. ఆ రోజు నేను గుండీలు కుడుతున్న పది నిమిషాల్లో బకెట్టు పట్టుకుని గేటు దాటారు. రెండు వీధుల అవతల ఒక బేకరీ ముందు, పేషెంట్లకి నీళ్ళు కావాలని వచ్చేపోయేవాళ్ళని అడుగుతూ దొరికారు. కాళ్ళకి చెప్పుల్లేవు. కుళాయి మళ్ళీ విప్పేశాను.

అప్పుడు నాకు తట్టింది ఎర్రగుడ్డ. దర్జీ బుర్ర కదా, గుడ్డముక్క దాటి ఎక్కడికి పోతుంది. మిషన్ కింద సంచీడు ముక్కలుంటాయి. నీళ్ళు పోసిన కుండీకి ఎర్రపట్టీ కడితే, ఇది అయిపోయింది, ఇంక వద్దు అని ఆవిడకి గుర్తుంటుందనుకున్నాను. ఎరుపంటే ఆగమనే కదా. ఆవిడకి రెండుసార్లు చెప్పాను, బుద్ధిగా తలూపారు. ఏడో నంబరుకి అందరికంటే ముందు కట్టాను, మిగతావాటికంటే వెడల్పు పట్టీ, దూరానికి కూడా కనబడేలా ముడేశాను. ఆ వారం స్కూలు యూనిఫారాల పని మీద పడింది. వంచిన తల ఎత్తలేదు. మధ్యలో ఒకసారి కిటికీలోంచి చూస్తే ఎర్రపట్టీలు గాలికి ఊగుతున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగో రోజున ఏడో నంబరు కొసలు నల్లబడ్డాయి. బయటికి వెళ్ళి చూస్తే కుండీలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. అత్తయ్య చెంబుతో వస్తున్నారు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఎర్రపట్టీ ఉంది కదండీ, కనబడలేదా?" అన్నాను. గొంతు పెరిగింది.

"కనబడింది కాబట్టే వస్తున్నా" అన్నారావిడ, కొత్తగా చేరిన అమ్మాయికి చెప్పినట్టు. "ఎర్రపట్టీ మంచానికి కట్టారంటే వాళ్ళని అందరికంటే ముందు చూడాలి. గంటకోసారి చూడాలి. నీకు ట్రైనింగులో చెప్పలేదా?"

నాకు చెప్పారు. ట్రైనింగులో కాదు, ఈ ఇంట్లోనే. వాళ్ళ వార్డులో ప్రాణం మీదకొచ్చినవాళ్ళ మంచానికి ఎర్రపట్టీ కట్టేవాళ్ళన్న సంగతి ఆవిడ ఎన్నిసార్లో చెప్పి ఉంటారు. కాలు మిషన్ మీద ఆడిస్తూ ఊఁ కొట్టేదాన్ని. ఆ చప్పుడులో ఆవిడ చెప్పిన కబుర్లలో సగం నేను వినలేదు. అన్నీ మర్చిపోయినావిడ దాన్ని మర్చిపోలేదు, అన్నీ గుర్తున్న నేను దాన్ని విననే లేదు. కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడటమంటే ఏమిటో ఆ కుండీ ముందు నిలబడి తెలుసుకున్నాను.

పట్టీలన్నీ కోసిపారేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. మర్నాడు ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఏడో నంబరుని కుండీలోంచి పైకి తీశాను. వేళ్ళు నల్లగా, పట్టుకుంటే తొక్క ఊడి వచ్చేలా ఉన్నాయి. మురుగువాసన. కుళ్ళినవాటిని కోసెయ్యమని మొక్కలమ్మే ఆయన ఫోనులో చెప్పాడు. చుట్టూ చూశాను, పదునైనది నా బట్ట కత్తెరే. దాంతోనే కోశాను. తెల్లటి వేరు కనబడే దాకా కొయ్యమన్నాడు. కోస్తూ పోయాను, తెల్లటిది కనబడలేదు. ఇంక కొయ్యడానికేమీ మిగల్లేదు. పైన పచ్చగా ఉన్న కొమ్మలు నాలుగు ఏటవాలుగా కోసి, ఇసకలో గుచ్చి, మంచం కింద దాచాను. వాటికి నేనొక్కదాన్నే నీళ్ళు పోశాను, వేలు పెట్టి చూసి మరీ పోశాను. వారంలో ఒకటొకటే కింద నుంచి నల్లబడ్డాయి. నాలుగోది నల్లబడిన రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. గులాబీ మొక్క కోసం ఏడ్చే ఆడదాన్ని కాను నేను. అయినా ఏడ్చాను.

ఆ వారమంతా ఏడో నంబరు ఏదని ఆవిడ అడుగుతూనే ఉన్నారు. ఎక్స్‌రేకి తీసుకెళ్ళారని చెప్పాను. అబద్ధం ఆడటంలో నేనూ నర్సునయ్యాను.

ఇంక ఒక్క దారే మిగిలింది. మొక్కలమ్మే ఆయన దగ్గర కూర్చుని, రంగు చెప్పి, వాసన చెప్పి, ఆకు చెప్పి వెతికించాను. మూడు చోట్లకి ఫోన్లు చేసి చివరికి ఒకటి తెప్పించాడు. అదే వెలిసిన రంగు, దాదాపు అదే వాసన. అంత ఎత్తే. దాన్ని పాత కుండీలో పెట్టి, పాత మట్టే పైన చల్లి, వెలిసిన ఏడు అంకె మీద మళ్ళీ తెల్లరంగు పూశాను. మా ఆయన చూసి, నేనే పోల్చలేను, అమ్మేం పోలుస్తుంది అన్నారు. కన్నకొడుకుని పోల్చలేని మనిషి మొక్కనేం పోలుస్తుందని ఆయన లెక్క. నాదీ అదే లెక్క.

మర్నాడు ఆరింటికి ఆవిడ రౌండ్స్ మొదలుపెట్టారు. నేను పక్కన కొత్తమ్మాయిలా నడిచాను. ఆరో నంబరు అయింది. ఏడో నంబరు దగ్గర ఆగారు. "ఎక్స్‌రే నుంచి వచ్చేశారా" అని, పువ్వు చూసి, తృప్తిగా తలూపారు. నా గుండె కుదుటపడింది. అప్పుడు ఆవిడ బొటనవేలు కొమ్మ మీదకి వెళ్ళింది.

కొమ్మ వెంట కిందికి వెళ్ళింది. పైకి వచ్చింది. మళ్ళీ కిందికి వెళ్ళింది. నున్నటి కొమ్మ మీద ఆ వేలు కట్టు కట్టిన చోటు కోసం వెతుకుతూ ఉంటే నేను చూడలేకపోయాను. బుడిపె సంగతి నాకు తట్టలేదు. రంగు వెతికాను, వాసన వెతికాను, ఆవిడ రోజూ నాడి చూసే చోటు మాత్రం మర్చిపోయాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కుండీ మీద అంకె చూశారు. నా వైపు తిరిగి చాలాసేపు చూశారు. చామంతి పోయిన రోజు గేటు దగ్గర నిలబడటం గుర్తొచ్చి, ఇంక ఇవాళంతా ఆవిడని ఎలా పట్టుకోవాలా అని చూస్తున్నాను. ఆవిడ గేటు వైపు వెళ్ళలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. లోపలికి వెళ్ళి నా మిషన్ దగ్గరున్న స్టూలు తెచ్చి దారి మధ్యలో వేశారు. ఇంకో చేతిలో గ్లాసుతో నీళ్ళున్నాయి.

"కూర్చోండమ్మా" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మీరు అనలేదు. కూర్చున్నాను.

"ముందు కాసిని నీళ్ళు తాగండి."

తాగాను. నేను తాగేదాకా ఆగి, నా ఎదురుగా మోకాళ్ళ మీద వంగి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆ చేతులు ఎక్కడా తడబడలేదు.

"మీరు ఆవిడకి ఏమవుతారు?"

"కోడల్ని" అన్నాను.

"ఏడో నంబరు పోయారమ్మా. ఈ మంచం మీద ఉన్నది వేరే వాళ్ళు. మీకు ఎవరూ చెప్పలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"చెప్పి ఉండాల్సింది. మా తప్పే." నా వేళ్ళు మెల్లగా నొక్కారు. "నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మీరు పొద్దున్నా సాయంత్రం వచ్చేవారు. కడుపున పుట్టినవాళ్ళు కూడా అలా రారు. ఆవిడకి తెలిసేది కాదు గాని, చాలా బాగా చూసుకున్నారమ్మా."

ఇరవై రెండేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశానని నాకు ఆ స్టూలు మీద కూర్చుంటేగాని తెలియలేదు. ఆ మాట వచ్చింది. అన్నావిడకి తను ఎవరితో అంటోందో తెలియదు, ఎవరి గురించి అంటోందో తెలియదు.

"నా వల్లే పోయింది అత్తయ్యా" అన్నాను. "ఎర్రపట్టీ నేనే కట్టాను."

"ఇంటివాళ్ళు అందరూ అలాగే అంటారు" అన్నారావిడ. "ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. మీ తప్పేమీ లేదు. కొన్నిసార్లు మన చేతుల్లో ఏమీ ఉండదు. ఏడవండి, పర్వాలేదు. ఇక్కడెవరూ ఏమీ అనుకోరు."

ఏడ్చాను. లోపల నుంచి మా ఆయన వాకిట్లోకి వచ్చి మమ్మల్ని చూసి ఆగిపోయారు. అత్తయ్య తలెత్తి, డాక్టరుకి కళ్ళతోనే సైగ చేశారు, చెప్పేశాను, మీరు వెళ్ళండి అన్నట్టు. ఆయన చేతిలోని బస్సు తాళాల వైపు చూసుకున్నారు గాని కదల్లేదు.

నా చేతిలో ఖాళీ గ్లాసు చూసి, అది అందుకుని ఆవిడ లేచారు. కుళాయి దగ్గరికి వెళ్ళారు. కుళాయి విప్పారు. గ్లాసు నిండి, పొర్లి, చేతి మీదుగా కిందికి కారుతోంది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడ్డారు, ఎందుకు వచ్చారో వెతుక్కుంటున్నట్టు. కాసేపటికి కట్టేసి వెనక్కి తిరిగారు. దారి మధ్యలో స్టూలు మీద ఒక ఆడమనిషి ఏడుస్తోంది. గబగబా వచ్చారు.

"ముందు కాసిని నీళ్ళు తాగండి" అన్నారు, మొదటిసారి చెబుతున్నట్టే. తాగాను. వంగి నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"మీరు ఆవిడకి ఏమవుతారమ్మా?"

"కోడల్ని" అన్నాను.